అక్క జుట్టుకి ఫ్యాన్ రెగ్యులేటర్

మా ఝాన్సీ అక్క మాయాబందర్ నుంచి రోజంతా బస్సులో కుదుపులు తిని పోర్ట్ బ్లెయిర్‌లో, బ్రూక్షాబాద్‌లో ఉన్న మా ఇంటికి వచ్చిందంటే, చెప్పులు విప్పకముందే అడిగేది మంచినీళ్ళు కాదు. "అద్దం దగ్గర ప్లగ్గు పనిచేస్తందా?" అంటుంది. పనిచేస్తోందని చెప్పాకే సంచి కింద పెడుతుంది. అందులోంచి మొదట బయటికొచ్చేది నూలు తువ్వాల్లో పసిపిల్లని చుట్టినట్టు చుట్టిన జుట్టు సాపు చేసే మిషను. తర్వాత ఎండుచేపల పొట్లం, ఆ తర్వాతే మా క్షేమసమాచారాలు. నలభై దగ్గరపడిన మనిషి, స్కూల్లో పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే టీచరు, ఆ మిషను ముందు మాత్రం ఇంకా కాలేజీ పిల్లే. ఇన్నేళ్ళుగా వేడి తగులుతున్నా ఆ జుట్టు చెక్కు చెదరలేదు. చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ మూగి, "ఏం రాస్తావు దీదీ?" అని అడుగుతారు. అక్క ఎంతో వినయంగా, అంటే ఎంతో గర్వంగా, తన నియమాలు అప్పజెబుతుంది. తడి జుట్టుకి వేడి తగలకూడదు. నూనె జుట్టుకి అసలే తగలకూడదు. ఒక పాయ మీద మిషను ఒక్కసారే నడవాలి, తృప్తి చాలక రెండోసారి నడిపితే ఆ పాపం మనదే. మిషను చివరి అంకె దాకా వేడెక్కేది జుట్టు కోసం కాదు, కొన్నవాడి సంతోషం కోసం. ఇవన్నీ ఏ పార్లర్లో నేర్చుకుందోనని వాళ్ళు అనుకుంటారు. అక్క చెప్పదు. నేనూ ఇన్నాళ్ళు చెప్పలేదు. మొన్న తను కూతురు జాయ్స్‌ని వెంటపెట్టుకుని వచ్చి వెళ్ళాక ఇక రాయక తప్పలేదు.

మా అమ్మ వైపు వాళ్ళందరిదీ ఉంగరాల జుట్టు. ఉంగరాలనడం మర్యాద కోసం. అమ్మ తమ్ముడు సుందర్ మామయ్య అయితే దాన్ని కొబ్బరి పీచు అనేవాడు, అదే పీచు తన నెత్తి మీద కూడా ఉందన్న సంగతి మరిచిపోయినట్టు. మామయ్య దక్షిణాన చివరి దీవిలో ఉన్న కేంబెల్ బేలో టీచరు. పెళ్ళి కాలేదు. సెలవులకి ఓడెక్కి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చిన రోజు నుంచి వెళ్ళే రోజు దాకా ఆయన పని ఒక్కటే, ఇంట్లో ఉన్న అందరినీ ఏడిపించడం. ఝాన్సీ అక్క దువ్వెన పట్టుకుంటే చాలు, "నారియల్ వాలీ వచ్చింది, జరగండి" అనేవాడు, కొబ్బరికాయలమ్మి వచ్చినట్టు. అక్క మూతి ముడుచుకునేది. అమ్మ తమ్ముణ్ణి తిట్టినట్టే తిట్టి, వంటింట్లోకి వెళ్ళి నవ్వుకునేది. అమ్మ చిన్నప్పటి నుంచీ ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఆయన ఏమన్నా ఆవిడ దగ్గర చెల్లుతుంది. నా జుట్టు నాన్న పోలిక, పుట్టుకతోనే ఇస్త్రీ చేసి పంపినట్టు తిన్నగా, పలచగా ఉండేది. అందువల్ల నన్ను ఏడిపించడానికి మామయ్యకి ఏమీ దొరికేది కాదు, అదొక లోటుగా ఉండేది నాకు.

అప్పట్లో పోర్ట్ బ్లెయిర్‌లో జుట్టు సాపు చేసే మిషన్లు ఎక్కడైనా ఉండేవేమో, మా ఇంటికి తెలిసింది మాత్రం బట్టల ఇస్త్రీ పెట్టె. పద్ధతి ఇది. అక్క నేల మీద బొంత పరుచుకుని, తలగడ మీద చెంప ఆనించి, పక్కకి తిరిగి పడుకునేది. జుట్టు పక్కన పరిచిన దుప్పటి మీద విసనకర్రలా పరిచేది. దాని మీద నాన్న పాత లుంగీ ముక్క కప్పి, నేను ఇస్త్రీ పెట్టె నడపాలి. చెవి దగ్గరికి రాగానే "ఆగు ఆగు" అని అరిచేది. అరవకపోతే మరీ భయం. తలంటుకున్న తడి పూర్తిగా ఆరనిచ్చే ఓపిక అక్కకి ఉండేది కాదు, శనివారం అమ్మ పట్టించిన కొబ్బరినూనె ఒక్క సబ్బుకి వదిలేది కాదు. పెట్టె తగలగానే సుయ్యిమని పొగ లేచేది. ఆ పొగనే మేము పని అవుతోందనడానికి గుర్తు అనుకునేవాళ్ళం. ఇంటినిండా కాలిన జుట్టు కంపు, పక్కింటి రాంచీ వాళ్ళ ఇంటి దాకా పోయే కంపు. దీనికి తోడు మా చర్చిలో ఆడవాళ్ళందరూ ముసుగు వేసుకోవాలి. ముసుగు కింద కనబడేది నుదుటి మీద నాలుగు వేళ్ళ మేర జుట్టు, చెవుల పక్కన కాస్త. టైము చాలని ఆదివారాల్లో అక్క ఆ కనబడే మేర వరకే సాపు చేయించుకునేది. ముందు నుంచి చూస్తే దొరసాని, ముసుగు తీస్తే వెనక మా మామయ్య చెప్పిన పీచు. వారం వారం అదే పాయకి, అదే చోట వేడి. వెనక జుట్టుకి ఏ ఆపదా లేదు, ముందు జుట్టే బలి అయ్యేది. ఇంత తెలివైన పని మా ఇంట్లో తప్ప ఎక్కడా జరిగి ఉండదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి మామయ్యకి ఓడ టికెట్టు దొరకలేదు. పండగ నాడు అక్క తల మొత్తం సాపు చేయించుకుని చర్చికి వెళ్ళింది, వచ్చేటప్పుడు వాన తగిలి మొత్తం మళ్ళీ చుట్టుకుపోయింది. మర్నాడు ఆదివారం, మళ్ళీ చర్చి. పొద్దున్నే లేచి నన్ను లేపింది. ఎడమ పక్క ముందు పాయలు అయ్యాయి. కుడి పక్కకి తిరుగుతోంది. ఆదివారాల్లో పొద్దున్నే అయితే లైను దొరుకుతుందని మామయ్య ఆ వేళకే ఫోన్ చేసేవాడు. ఆ రోజూ చేశాడు. అమ్మ రిసీవరు ఎత్తింది. మాకు వినబడింది అమ్మ మాటలే. "ఆ తమ్ముడూ. ఇప్పుడు కాదురా. ఇక్కడ నీ కోడలు జుట్టు కాల్చుకుంటంది, ఇల్లంతా ఒకటే కంపు. చర్చి నుంచి వచ్చాక చెయ్యి, తీరిగ్గా మాటాడుకుందాం." తర్వాత ఏదో వింది, పెట్టేసింది. మా వైపు వీపు ఉండటం వల్ల ఆవిడ ముఖం మాకు కనబడలేదు. అమ్మ వంటింట్లోకి అడుగు పెట్టిందో లేదో ఇల్లు ఊగింది.

ఊగడం అంటే మామూలు ఊగడం కాదు. అలమర తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, గిన్నెలు నేల మీద దొర్లాయి, కరెంటు పోయింది. ఇస్త్రీ పెట్టె ఎక్కడ పడేశానో నాకు గుర్తులేదు. నాన్న మా ఇద్దరినీ రెక్కలు పట్టుకుని బయటికి లాగాడు. రోడ్డు మీద జనమంతా నిలబడలేక కూర్చుండిపోయారు. కాసేపటికి కింద సముద్రం ఒడ్డు నుంచి ఎవరో "పానీ ఆ రహా హై" అని కేకలు పెడుతూ పైకి పరుగెత్తుకొచ్చారు. మా ఇల్లు ఎత్తు మీద కాబట్టి నీళ్ళు మా దాకా రాలేదు. గోడకి పైనుంచి కింద దాకా పగులు వచ్చింది. ఆ రోజు నుంచి చాలా రోజులు మేము ఇంట్లో పడుకోలేదు. ఇరుగుపొరుగంతా కలిసి ఖాళీ జాగాలో టార్పాలిన్ కట్టుకున్నాం. భూమి మళ్ళీ మళ్ళీ కదిలేది, కదిలినప్పుడల్లా అందరం ఒకరి చేతులు ఒకరం పట్టుకునేవాళ్ళం.

ఆ టార్పాలిన్ కింద మా అక్క తల ఒక వింత. ఎడమ పక్క సాపు, కుడి పక్క ఉంగరాలు. తాగడానికే నీళ్ళు కరువైన చోట తలంటు ఊసెవరెత్తుతారు, కరెంటు లేదు, అందువల్ల ఆ తల అలాగే ఉండిపోయింది. పిల్లలు ఒకసారి ఈ పక్క నుంచి, ఒకసారి ఆ పక్క నుంచి వచ్చి చూసిపోయేవారు. పక్కింటి రాంచీ పిన్ని, "బేటీ, ఆధా ఇధర్, ఆధా ఉధర్. భగవాన్‌కి కూడా సమజ్ కాలేదు నిన్నెటు పంపాలో" అంటే, అంతమంది ఏడుపు ముఖాల్లోనూ ఒక్కసారి నవ్వు వచ్చింది. అక్క రోజంతా చున్నీ ముసుగేసుకుని కూర్చునేది. జన్మలో అంత భక్తిగా ఎప్పుడూ ముసుగు వేసుకోలేదు. ఆ నవ్వులకి నవ్వనిది అమ్మ ఒక్కతే. కేంబెల్ బే నుంచి ఏ కబురూ లేదు. నాన్నది కరెంటు ఆఫీసు ఉద్యోగం. పగలంతా కూలిపోయిన స్తంభాల దగ్గర పని, సాయంత్రం దక్షిణం నుంచి ఏ ఓడ వచ్చినా జెట్టీకి పరుగు. దిగినవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగేవాడు. తిరిగొచ్చేటప్పుడు దూరం నుంచే ఆయన నడక చూసి అమ్మ తల తిప్పుకునేది.

మామయ్య రాలేదు. ఆయన అద్దెకున్న ఇల్లు ఒడ్డునే ఉండేదట, ఆ ఒడ్డే లేదని ఓడ దిగినవాళ్ళు చెప్పారు. మిస్సింగ్ అన్నారు ఆఫీసువాళ్ళు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట తెలుగులోకి మార్చే ధైర్యం చెయ్యలేదు. కొళాయిలో నీళ్ళు వచ్చిన మొదటి రోజు అమ్మ అక్కని పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, తనే తల రుద్దింది. నీళ్ళు తగలగానే ఎడమ పక్క సాపు కూడా మెల్లిగా చుట్టుకుంది, రెండు పక్కలూ ఒకటైపోయాయి. అప్పుడు అమ్మ చెయ్యి ఆగిపోయింది. మేము చూసిన అమ్మ మొదటి ఏడుపు అదే. గట్టిగా ఏడ్చింది. అక్క కళ్ళలో సబ్బు మండుతున్నా కదలకుండా కూర్చుంది.

తర్వాత ఏళ్ళలో ద్వీపాలకి మళ్ళీ టూరిస్టులు రావడం మొదలయ్యాక, చదువు అవుతూనే అక్క ఒక ట్రావెల్ ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగంలో చేరింది. అక్కడ తల నీటుగా ఉండాలట. మొదటి జీతంతో జుట్టు మిషను కొనుక్కొచ్చింది. చిన్నది, పొడుగ్గా పటకారులా ఉండేది, వేడి తగ్గించే మీట లేదు, పెడితే నిప్పు, తీస్తే చల్లన. మొదటి రోజు పొద్దున్న దాన్ని జుట్టుకి తగిలించింది. సుయ్యిమంది. ఆ పాత వాసన ఇల్లంతా కమ్ముకుంది. వంటింట్లో అన్నం వారుస్తున్న అమ్మ గిన్నె అలాగే వదిలేసి వచ్చి ఫోన్ పక్కన కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎటూ చూడకుండా, పిలిచినా పలక్కుండా. వాసన పూర్తిగా పోయేదాకా లేవలేదు. అన్నం గంజిలోనే ఉండి ముద్దయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆవిడ ఒక్క మాట అనలేదు. మాకు మాత్రం అర్థమైపోయింది, అంటే అర్థమైపోయిందనుకున్నాం. తమ్ముడి ఆఖరి ఫోన్ ఆ కంపు మూలంగా కట్ చేసింది కదా, ఆ వాసన తగిలితే ఆ బాధ తిరగబెడుతోంది. నాన్న మమ్మల్ని బయటికి పిలిచి చెప్పాడు. "మీ అమ్మకి ఆ వాసన తగలకూడదు. నువ్వు జుట్టు చేసుకో, నేను వద్దన్ను. వాసన మాత్రం రాకూడదు."

ఉద్యోగం ఒక పక్క, అమ్మ ఒక పక్క. మా అక్క కేశసంరక్షణ శాస్త్రమంతా అక్కడ పుట్టింది. అందం కోసం కాదు, వాసన కోసం. కరెంటు ఆఫీసు మనిషి కాబట్టి నాన్న ముందుగా తన విద్య చూపించాడు. పాత ఫ్యాన్ రెగ్యులేటరు ఒకటి చెక్క ముక్కకి బిగించి, దాన్ని ప్లగ్గుకీ మిషనుకీ మధ్య పెట్టాడు. "రెండు మీద పెట్టి చూడు. రాలేదా, మూడు. నాలుగు దాటితే మాత్రం నేనూరుకోను" అనేవాడు, గదిలో గాలి గురించి మాట్లాడుతున్నట్టు. ఇంటికి ఎవరైనా వస్తే ఆ చెక్క చూసి, ఫ్యాన్ ఎక్కడ అని పైకి చూసేవారు. మూడు మీద జుట్టు సాపు అయ్యేది, పొగ వచ్చేది కాదు. తర్వాత తడి సంగతి తెలిసింది. తడి ఉంటే ఎంత తక్కువ వేడికైనా సుయ్యిమంటుంది, కాబట్టి అక్క రాత్రే తలంటుకుని ఆరబెట్టుకోవడం మొదలుపెట్టింది. నూనె ఉంటే వేగుతుంది, కాబట్టి మిషను పెట్టే రోజుకి ముందు నూనె లేదు, సెలవు రోజున మాత్రం అమ్మ చేత కుదుళ్ళ దాకా పట్టించుకుని, కుంకుడు రసంతో వదిలించుకునేది. ఒకే పాయ మీద రెండుసార్లు నడిపితే చివర్లు మాడతాయి. చివర్లు మాడితే వాసన. అందుకని ఒక్కసారే, మెల్లిగా, ఆగకుండా. మాడిన చివర్లు ఉంచుకుంటే మర్నాడు అవే మళ్ళీ ముందుగా మాడతాయని నెలకోసారి నా చేత కత్తిరింపించుకునేది. నేను కత్తిరించిన ఆ వంకర చూసి ట్రావెల్ ఆఫీసులో అది కొత్త ఫ్యాషన్ అనుకున్నారట.

ముందు జుట్టు కథ వేరే. అన్ని ఆదివారాల ఇస్త్రీకి నుదుటి మీది జుట్టు సగం విరిగి, పొట్టిగా, నిటారుగా చీపురు పుల్లల్లా లేచి ఉండేది. దాన్ని ఏ వేడీ పడుకోబెట్టలేకపోయింది. అమ్మే ఒకరోజు "దాన్ని వదిలెయ్యే, ఊపిరి తీసుకోనీ" అని, కొబ్బరి తురిమి పాలు పిండి ఆ చోట రాసింది. మా దీవుల్లో ఇంకేం లేకపోయినా కొబ్బరికాయలకి లోటు లేదు. వానాకాలంలో చూరు కింద డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళతో తల కడిగేది, కొళాయి నీళ్ళకన్నా వాన నీళ్ళకి జుట్టు మెత్తగా ఉంటుందని. మిషనుకి వారంలో రెండు రోజులు సెలవు ఇచ్చారు, ఆ రోజుల్లో అక్క జడ వేసుకుని ఆఫీసుకి వెళ్ళేది. ఏడాది తిరిగేసరికి ముందు జుట్టు పెరిగి వెనక జుట్టుతో కలిసింది. ఇంట్లో ఆ వాసన పూర్తిగా ఆగిపోయింది. అమ్మ ఫోన్ పక్కన కూర్చోవడం కూడా ఆగిపోయింది. గెలిచామనుకున్నాం.

ఇప్పుడు మిషన్లన్నిటికీ అంకెలున్నాయి, రంగు దీపాలున్నాయి, వేడి తగలకుండా జుట్టుకి ముందే చల్లుకునే సీసాలున్నాయి. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, ఆయన రెగ్యులేటరు చెక్క ఎటు పోయిందో తెలియదు. ఆ ఫోనూ తీసేశారు, ఇప్పుడు అందరివీ చేతిలో ఫోన్లే. అక్క టీచరై మాయాబందర్ వెళ్ళింది. స్కూల్లో ఎవరూ అడగకపోయినా జుట్టు సాపు చెయ్యడం మానలేదు, నియమాలూ మానలేదు. జాయ్స్‌కి మాత్రం ఇవన్నీ ముసలి మాటలు. ఈ కాలం పిల్లలకి ఉంగరాలే ఫ్యాషన్ అంటారు, మళ్ళీ ఆ ఉంగరాలు కూడా మిషనుతోనే చేసుకుంటారు. దేవుడిచ్చిన ఉంగరాలు సాపు చేసి, ఆ సాపుకి మళ్ళీ ఉంగరాలు తిప్పడం ఏమిటో, మామయ్య ఉండి ఉంటే ఆయనకి ఒక నెలకి సరిపడా సరుకు దొరికేది.

మొన్న ఆదివారం పొద్దున అందరం చర్చికి తయారవుతున్నాం. అక్క స్నానానికి వెళ్ళింది. జాయ్స్ తలంటుకుని, తుడుచుకున్నాననిపించి, ఆపైన ఏదో నూనెలాంటి సీరం పూసుకుని, వాళ్ళమ్మ మిషను తీసి చివరి అంకె మీద పెట్టింది. నేను చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుండగా వినబడింది, ఆ సుయ్యిమనే చప్పుడు. వెంటనే వాసన. ఇన్నేళ్ళ తర్వాత, అదే వాసన. నేను కుచ్చిళ్ళు వదిలేసి కిటికీలు తెరవడానికి పరుగెత్తాను. అక్క తడి చీర చుట్టుకుని బాత్రూంలోంచి బయటపడి ప్లగ్గు పీకింది. "మమ్మీ, కుఛ్ నహీ హువా, థోడాసా కాలింది అంతే" అంటోంది జాయ్స్, చేతిలో మాడిన పాయ పట్టుకుని, మా ఇద్దరి ముఖాలూ చూసి బిత్తరపోయి. అప్పటికే అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

అక్క నోరు తెరిచే లోపు అమ్మే మాట్లాడింది. "ఏటే, మాడిపోయిందా? ఇలా రా, చూడనీ." జాయ్స్ పక్కన మంచం మీద కూర్చుని, ఆ పాయ చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. "మా తమ్ముడు ఆ రోజు ఏటన్నాడో తెలుసా మీకు?" అంది. మాకు తెలియదు. అమ్మ మాటలే విన్నాం మేము. "ఇక్కడ కంపు కొడతందిరా అన్నాను కదా. 'తెలుస్తంది అక్కా, కేంబెల్ బే దాకా వత్తంది, ఇక్కడ ఇస్కూల్లో పిల్లలు ముక్కు మూసుకుంటన్నారు' అన్నాడు. ఆదివారం పూట ఇస్కూలేటి, పిల్లలేటి, ఎదవ." అమ్మ నవ్వుతోంది. "నవ్వు ఆపుకోలేక పెట్టేశాను ఫోను. లేకపోతే ఇంకా మాటాడేదాన్ని."

అక్కే మెల్లిగా అడిగింది, "మరి ఆ వాసనొస్తే నువ్వు అలా వెళ్ళి ఫోను కాడ కూర్చునేదానివి కదమ్మా?"

"వాడు వినబడేవాడు," అంది అమ్మ. "ఇంకెక్కడా వినబడలేదు. మీ నాన్నా, మీరూ అంత కష్టపడి ఆ వాసన లేకుండా చేశారు. నా కోసమే చేశారు. వద్దని ఎలా చెప్పను?"

చర్చికి టైము అయిపోతోందని కూడా ఎవరికీ గుర్తులేదు. అమ్మ జాయ్స్ తల తన ఒళ్ళోకి వంచుకుని, మాడిన పాయని వేళ్ళతో దువ్వుతూ, సుందర్ మామయ్య చిన్నప్పుడు చేసిన అల్లరి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. మాకెవరికీ ఎప్పుడూ చెప్పనివి. జాయ్స్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. బయటి గాలికి వాసన పలచబడుతోంది. అక్క లేచి, తడి చీరతోనే, నేను తెరిచిన కిటికీలన్నీ మూసి వచ్చింది.